డబ్బు ఖాతాలో పడ్డాకే తాళం చేతికి
(సొంత కారును నేరుగా అమ్ముకునేవారి కోసం అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

మీ పేరుమీద ఉన్న కారును కన్సల్టెన్సీకి అప్పగించకుండా, నడుమ దళారి లేకుండా, మీరే ప్రకటన పెట్టి మీరే అమ్ముకుంటున్నప్పుడు ఆ సొమ్ము మోసం లేకుండా మీకు చేరేది ఎలాగన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడే విషయం. చాలాకాలం బ్యాంకులో పనిచేసినవాణ్ణి కనుక ఒక ఖాతానుంచి ఇంకొక ఖాతాకు డబ్బు ఎలా వెళుతుందో నాకు తెలుసు. ఆ దారిలో మోసగాడు ఎక్కడ కాపు వేస్తాడో మాత్రం, మోసపోయి కౌంటరు ముందుకు వచ్చి నిలబడినవాళ్లు చెప్పగా తెలుసుకున్నాను.

మన ఊరిలో ఈ మాట చెప్పుకోవలసిన అవసరం కొంచెం ఎక్కువే ఉంది. అనంతపురంలో కారు అమ్మకానికి పెడితే ఫోన్లు మన జిల్లానుంచి మాత్రమే రావు. బళ్లారి దగ్గరే, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, అటువైపు కర్నూలు మీదుగా హైదరాబాదు. కాబట్టి ముఖం తెలియనివాడితో, ఒక్కోసారి భాష కూడా సగమే అర్థమయ్యేవాడితో, లక్షల రూపాయల బేరం ఫోనులోనే కుదుర్చుకోవడం మనకు మామూలైపోయింది. దూరప్రాంతంవాడు కొనడంలో తప్పేమీ లేదు, నిజాయితీగా కొనేవారే ఎక్కువమంది. అయితే ఆ దూరాన్నే మోసగాడు ముసుగుగా కప్పుకుంటాడు.

మన సంతల్లో ఎద్దుల జతను అమ్మే రైతును మీరంతా చూసే ఉంటారు. బేరం తెగినా, చేతులు కలిపినా, డబ్బు ఎంచుకుని రొంటిన పెట్టుకున్నాకే ఆయన పలుపును కొన్నవాడి చేతికి ఇస్తాడు. కారు అమ్మకంలోనూ డబ్బు, కాగితం, బండి అని మూడున్నాయి, వాటికి ఒక వరుస ఉంది. నేను ఇప్పుడు చెప్పబోయే మోసాలు పైకి ఎంత వేర్వేరుగా కనబడినా, ప్రతి మోసంలోనూ అవతలివాడు చేసేది ఆ వరుసను తారుమారు చేయడమే. డబ్బు రాకముందే కాగితం రాయించుకుంటాడు, లేదా కాగితం పూర్తికాకముందే బండి తోలుకుపోతాడు, లేదా డబ్బు తీసుకోవలసిన మీచేతనే డబ్బు పంపిస్తాడు. ఆ వరుస అమ్మేవాడి చేతిలో ఉండాలన్నది నేను గట్టిగా నమ్మే మాట.

మొదట దొంగ మెసేజుల సంగతి చెబుతాను. ఒకసారి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఫోను చేత్తో పట్టుకుని మా కౌంటరు దగ్గరికి వచ్చి, "మెసేజ్ వచ్చింది గదా నాయనా, దుడ్డు ఏమైపోయింది?" అని అడిగారు. ఫోను తీసుకుని చూశాను. ఖాతాలో సొమ్ము జమ అయిందని బ్యాంకు పంపినట్టే అందులో రాసి ఉంది, ఖాతా చివరి నాలుగు అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. అయితే ఆ మెసేజ్ వచ్చింది మామూలు పదంకెల సెల్ నంబరునుంచి. చివర్లో చూపిన నిల్వకూ ఆయన ఖాతాలోని అసలు నిల్వకూ పొంతనే లేదు. చివరి నాలుగు అంకెలు వాడికి ఎలా తెలిశాయంటే, డబ్బు వేయడానికని ఖాతా నంబరు అడిగి తీసుకున్నది వాడే కదా. బ్యాంకు మెసేజులు సెల్ నంబర్లనుంచి రావు, బ్యాంకు పేరును సూచించే అక్షరాల హెడర్‌తో వస్తాయి. అంతమాత్రాన హెడర్ సరిగ్గా ఉంటే చాలునని కూడా నేను చెప్పను. మెసేజ్‌ను చూసి బండి ఇవ్వడమే పొరపాటు. మీ బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి, స్టేట్‌మెంట్‌లో ఆ జమను, దానివల్ల పెరిగిన నిల్వను కళ్లారా చూసుకోవాలి, లేదా శాఖకు వెళ్లి పాస్‌బుక్కులో ఎక్కించుకోవాలి.

స్క్రీన్‌షాట్ విషయంలోనూ ఇదే మాట. డబ్బు వెళ్లినట్టు పచ్చటి టిక్కుతో, శబ్దంతో సహా చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. కొనేవాడు మీ ఎదుటే నిలబడి, తన ఫోనులో అంకెలు నొక్కి, "పోయింది చూడన్నా" అని తెర మీకు చూపించవచ్చు. ఆ ఫోను వాడిది, అందులో ఏం కనబడినా అది వాడి మాటే అవుతుంది. పైగా వ్యక్తుల మధ్య యూపీఐ చెల్లింపులకు సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంది. నాలుగు లక్షలు ఒకే దెబ్బకు యూపీఐలో పంపానని ఎవరైనా తెర చూపిస్తే, అనుమానించడానికి ఆ ఒక్క సంగతే చాలు.

ఇక సైనికుడి వేషంలో జరిగే మోసం. మన రాయలసీమలో బిడ్డల్ని సైన్యానికి పంపిన కుటుంబాలు ఉన్నాయి, ఆ ఉద్యోగమంటే మనకు గౌరవం ఉంది. ఆ గౌరవాన్నే వాడుకుంటారని చెప్పడానికి నాకు బాధగా ఉంది. ఫోను చేసినవాడు తాను జవాన్నని, వేరే ఊరికి బదిలీ అయిందని, కారు చూడకుండానే కొంటానని అంటాడు. యూనిఫాంలో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో అడక్కుండానే పంపుతాడు. బేరం ఆడడు. తర్వాత, మిలిటరీ ఖాతాలు వేరే పద్ధతిలో పనిచేస్తాయి కనుక ముందు మీరు ఐదు రూపాయలు పంపితే పది తిరిగి వస్తాయని చెబుతాడు. పంపితే నిజంగానే పది వస్తాయి. నమ్మకం కుదిరాక ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్సు మొత్తం మీ ఖాతాలో పడుతుందంటాడు. పిన్ కొట్టిన మరుక్షణం డబ్బు మీ ఖాతానుంచే పోతుంది. యూపీఐ పిన్ కావలసింది డబ్బు పంపడానికి, లేదా మన నిల్వ చూసుకోవడానికి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కాన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. వ్యక్తినుంచి వ్యక్తికి వెళ్లే కలెక్ట్ రిక్వెస్టులను, అంటే డబ్బు పంపమని అడుగుతూ యూపీఐలో వచ్చే అభ్యర్థనలను, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయడంతో ఒక దారి మూసుకుపోయింది. క్యూఆర్ దారి మాత్రం తెరిచే ఉంది, ఎందుకంటే అక్కడ పిన్ కొట్టేది మన వేలే.

"పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వాపసు వేయండి" అనే ఫోనుకూడా ఈ కోవలోదే. మీ ఖాతాలో నిజంగా ఎక్కువ జమ అయినా సరే, మీరు సొంతంగా ఎవరికీ తిరిగి పంపవద్దు. పొరపాటుంటే వాళ్ల బ్యాంకుకు ఫిర్యాదు చేసుకోమని చెప్పి, ఆ సంగతి మీ బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. కారు కండిషన్ రిపోర్టు అనో, చలానా అనో చెప్పి వాట్సాప్‌లో పంపే ఏపీకే ఫైళ్లను, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్లను, తెరవనే వద్దు.

ఇప్పుడు చెప్పబోయేదానిని కొంచెం నిదానంగా వినండి. ఇందులో అమ్మేవాడూ నిజాయితీపరుడే, కొనేవాడూ నిజాయితీపరుడే, అయినా మోసం జరుగుతుంది. మీరు ఒక 2017 మోడల్ కారును రూ.4,20,000కు ప్రకటనలో పెట్టారనుకుందాం. ఒకడు ఫోను చేసి ఆ ధరకు వెంటనే ఒప్పుకుంటాడు. ఇన్సూరెన్సు చూసుకోవాలని చెప్పి సి-బుక్కు ఫోటో, బండి ఫోటోలు తెప్పించుకుంటాడు. అదే ఫోటోలతో వాడు ఇంకొక ప్రకటన పెడతాడు, రూ.3,00,000కే ఇస్తానంటాడు. బళ్లారిలో ఒకాయనకు ఆ ధర నచ్చుతుంది. ఆయనతో మోసగాడు ఇలా అంటాడు: "ఆ బండి మా బావది, మీరు పోయి చూసుకోండి, బాగుంటేనే తీసుకోండి. ఆయన దగ్గర రేటు మాట మాత్రం ఎత్తొద్దు, మాలో మాకు లెక్కలున్నాయి." మీకు ఫోను చేసి ఇలా అంటాడు: "అన్నా, మా తమ్ముడు వస్తాడు, బండి చూపించు. వానికి నేను బాకీ పడినాను, ఈ బండితో తీర్చుకుంటున్నా. ఎంతకు తీసుకుంటున్నానో వానికి తెలియకూడదు, రేటు గురించి మాట్లాడొద్దు."

బళ్లారి ఆయన వస్తాడు. మీ ఇంటిముందు బానెట్ తెరిచి చూస్తాడు, ఇంజిన్ స్టార్ట్ చేసి వింటాడు, టైర్లు తట్టి చూస్తాడు, మీరు మంచినీళ్లిచ్చి మర్యాద చేస్తారు. ఇద్దరు మంచి మనుషులు ఒకే కారుకు చెరోవైపు నిలబడి, అడగవలసిన ఒక్క ప్రశ్నను మర్యాదకోసం అడక్కుండా ఊరుకుంటారు. బండి నచ్చిందని ఆయన మూడు లక్షలు మోసగాడు చెప్పిన ఖాతాకు వేసి, తాళం ఇమ్మని మిమ్మల్ని అడుగుతాడు. మీకు ఒక్క రూపాయీ రాలేదు. మోసగాడి ఫోను పనిచేయదు. మీరూ ఆ మోసగాడూ తోడుదొంగలని ఆయన అనుకుంటాడు, ఆయనే దొంగ అని మీరనుకుంటారు. మీరు తాళం ఇచ్చేసి ఉంటే బండి పోయినట్టే, ఇవ్వకుంటే ఆయన డబ్బు పోయినట్టే, ఎటుచూసినా ఇద్దరూ స్టేషన్ మెట్లు ఎక్కవలసినవాళ్లే.

కారు చూడడానికి వచ్చిన మనిషిని మొదటి ఐదు నిమిషాల్లోనే మొహమాటం లేకుండా, "అయ్యా, మీరు దీన్ని ఎంతకు కొంటున్నారు? డబ్బు ఎవరి ఖాతాకు వేస్తున్నారు?" అని అడిగితే ఆ మోసం అక్కడికక్కడే ఆగిపోతుంది. ధర మాట్లాడవద్దని ఎవరు చెప్పినా, ఆ మాట చెప్పినవాడితో బేరం అంతటితో మానుకోవచ్చునన్నది నా అభిప్రాయం. బండి చూసే మనిషి, డబ్బు పంపే ఖాతాదారు, బండిని కొన్నవాడి పేరుకు మార్చమని ఇచ్చే ఫారం 30 మీద కొనుగోలుదారుగా సంతకం పెట్టే వ్యక్తి, ఈ ముగ్గురి పేరూ ఒకటే అయి ఉండాలి. భార్యాభర్తలో, తండ్రీకొడుకులో అయితే ఇద్దరూ ఎదురుగా వచ్చి, కాగితం మీద ఆ మాట రాసి సంతకం పెట్టాలి.

పేరు ఒకటే ఉండాలని ఇంత పట్టుబట్టడానికి ఇంకొక కారణం ఉంది. "మా ఫ్రెండ్ అకౌంటునుంచి వేస్తాను" అని కొన్నవాడు డబ్బు పంపవచ్చు, అది నిజంగానే మీ ఖాతాలో పడవచ్చు, మీరు బండి ఇవ్వవచ్చు. కొన్ని రోజులకు మీ ఖాతాలో ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నే, బ్యాంకు ఆపివేస్తుంది. ఎందుకంటే ఆ సొమ్ము వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి రాబట్టినది. ఆ బాధితుడు ఫిర్యాదు చేశాడు, డబ్బు ఏ ఖాతాలకు పాకిందో చూసుకుంటూ అక్కడి పోలీసులు మీదాకా వచ్చారు. మీరు కారు అమ్మినందుకు వచ్చిన డబ్బు అని చెప్పుకోవడానికి చేతిలో అమ్మకపు పత్రం, బండి అమ్మినట్టు రవాణా శాఖకు తెలిపే ఫారం 29, ఫారం 30 నకళ్లు, కొన్నవాడి గుర్తింపు పత్రం ఉండాలి. అవి లేనివాళ్లు నెలల తరబడి తిరగడం నేను చూశాను, జీతం కూడా అదే ఖాతాలో పడే మనిషికి ఆ కష్టం ఇంటిల్లిపాదికీ తగులుతుంది.

చెక్కు గురించి ఎక్కువ చెప్పను. చెక్కు వేసినట్టు కనబడడం వేరు, అది పాసై డబ్బు మీదవడం వేరు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు చాలామటుకు అదేరోజు క్లియరయ్యే ఏర్పాటు వచ్చింది కనుక, చెక్కు పాసయ్యేదాకా ఆగమనడం ఇప్పుడు కొన్నవాడికి పెద్ద ఇబ్బందీ కాదు. చెల్లని చెక్కు మీద కేసు వేయడానికి చట్టం ఉన్నా, బ్యాంకునుంచి వాపసు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వడం, ఆపై 15 రోజులు గడువు, ఆ తర్వాత కోర్టు, ఇదంతా నడిచేలోపు మీ బండి ఎక్కడ తిరుగుతుంటుందో ఆలోచించండి. డిమాండ్ డ్రాఫ్టు చూస్తే చాలామందికి నమ్మకం, కానీ నకిలీ డ్రాఫ్టులూ అచ్చవుతాయి. డ్రాఫ్టు జారీ చేసిన శాఖను మీరే వెతికి, దాని మీద ముద్రించిన నంబరుకు ఫోను చేయకుండా, శాఖకే వెళ్లి విచారించండి, లేదా మీ ఖాతాలో వేసి సొమ్ము పడేదాకా ఆగండి.

నగదు తీసుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. 2017 ఏప్రిల్ 1 నుంచి ఒకే లావాదేవీకి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. జరిమానా ఆ మొత్తమంత పడవచ్చు, అదీ తీసుకున్నవాడిమీద. ఒక కారుకు వేర్వేరు రోజుల్లో విడివిడిగా తీసుకున్నా లావాదేవీ ఒకటే. అంతకు తక్కువ నగదైనా, కొన్నవాడిని మీ బ్యాంకుకే తీసుకువెళ్లి మీ ఖాతాలో కట్టించండి. యంత్రం నోట్లను లెక్కపెడుతుంది, దొంగనోటు ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇంతకూ ఏది మంచి పద్ధతి అంటే, రెండు లక్షలకు పైబడిన ధరకు ఆర్టీజీఎస్, అంటే పెద్ద మొత్తాలను ఒక బ్యాంకు ఖాతానుంచి ఇంకొక ఖాతాకు నేరుగా పంపే పద్ధతి. రెండు లక్షలలోపు అయితే అలాగే ఖాతానుంచి ఖాతాకు పంపే నెఫ్ట్ గానీ, ఐదు లక్షల దాకా వీలున్న ఐఎంపీఎస్ గానీ సరిపోతుంది. ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి రోజంతా, సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది. ఈ సంగతి తెలిసి ఉండడం చాలా అవసరం. శనివారం సాయంత్రం వచ్చి, "బ్యాంకులు మూసినారు, సోమవారం పడుతుంది, బండి ఇప్పుడు ఇవ్వండి" అనేవాడి మాటలో ఒకప్పుడు నిజం ఉండేది, ఇప్పుడు ఆ కారణం చెల్లదు. అయితే నిజాయితీపరుడికి కూడా ఒక చిక్కు రావచ్చు. చాలా బ్యాంకుల్లో డబ్బు పంపవలసిన ఖాతాల జాబితాలో కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వరు. కాబట్టి బేరం కుదిరిన రోజే మీ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇచ్చి, ముందుగా చేర్చుకుని ఉండమని చెప్పండి. 2025 నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయం ఉంది కనుక, మీ పేరు తెరమీద కనబడుతున్నదో లేదో ఆయనా సరిచూసుకోవచ్చు. ఆర్టీజీఎస్‌కు 22 అక్షరాల యూటీఆర్ నంబరు వస్తుంది. అది డబ్బు జాడ తెలుసుకోవడానికి పనికివచ్చే నంబరే గాని, మీ ఖాతాలో జమ అయిందనడానికి రుజువు కాదు.

ఆ రోజు పని పగటిపూట, వీలైతే మీ బ్యాంకు శాఖలోనే కూర్చుని పూర్తిచేయండి. జమ కనబడ్డాక ఫారాల మీద సంతకాలు, ఆ తర్వాత తాళాలు. డెలివరీ నోటులో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అదే సాయంత్రం బండికి ప్రమాదం జరిగితే, ఆ గంటా నిమిషమే మిమ్మల్ని కాపాడే మాట అవుతుంది. బండి పేరు మార్పుకోసం మీ ఫోనుకు వచ్చే ఓటీపీని కూడా జమ చూసుకున్నాకే చెప్పండి.

ఫైనాన్సు ఉన్న బండి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఇది ఎక్కువ. "చేతికి లక్ష ఇస్తాను, మిగిలిన కంతులు నేను కట్టుకుంటాను, అప్పు తీరినాక పేరు మార్చుకుంటాను" అని ఒకడు బండి తీసుకుపోతాడు. నాలుగు కంతులు కట్టి ఆపేస్తాడు. అప్పు మీ పేరున, బండి వాడి చేతిలో, అప్పు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పడిపోయేది మీది, ఫైనాన్సు వాళ్లు వచ్చి తలుపు తట్టేది మీ ఇంటిని. ఇది సైబర్ నేరంలా కనబడదు కాబట్టి దీన్ని మోసమని చాలామంది అనుకోరు, నా లెక్కలో మాత్రం మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కుటుంబాలను దెబ్బతీసేది ఇదే. ఫైనాన్సు కార్యాలయంనుంచి ఆ తేదీకి ఎంత కట్టాలో తెలిపే ఫోర్‌క్లోజర్ పత్రం తెచ్చుకోండి. కొన్నవాడు ఆ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాకు, మిగిలినదాన్ని మీ ఖాతాకు వేయాలి. అభ్యంతరం లేదని ఫైనాన్సు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 చేతికి వచ్చి, రికార్డులో బండి మీదున్న తాకట్టు (హైపోథికేషన్) కొట్టివేసేదాకా పేరు మారదన్న సంగతి ముందే రాసుకోండి.

ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేయడం ఇంకొక అలవాటు. తీసుకున్నవాడు తన పేరున మార్చుకోకుండా వేరేవాడికి, వాడు ఇంకొకడికి అమ్ముతాడు, రికార్డులో మాత్రం యజమాని మీరే. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ప్రమాదం కేసుల్లో నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మిన 14 రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేయవలసిన బాధ్యత చట్టప్రకారం అమ్మినవాడిది. కర్ణాటకకు వెళ్లే బండి అయితే రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ కూడా మీ చేతిమీదుగానే నడవాలి. ఫాస్టాగ్‌ను అదేరోజు మూయించండి, లేకుంటే టోల్‌గేటులో కోసేది మీ డబ్బే.

ఇన్ని చూసుకున్నా డబ్బు పోతే, సిగ్గుపడి ఒక పూట కూడా ఆగవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. డబ్బు మోసగాడి ఖాతానుంచి ఇంకోచోటికి పోకముందే ఆపించగలిగితేనే తిరిగి వచ్చే వీలుంటుంది, అందుకే లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని ఫోను చేయండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకుని, మీ శాఖకు వెళ్లి అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. వాట్సాప్ సంభాషణలు చెరిపివేయవద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే. బండి కూడా పోయి ఉంటే, ఆ నంబరు మీద బదిలీ జరగకుండా ఆపమని కోరుతూ ఎఫ్‌ఐఆర్ నకలు జతచేసి రవాణా శాఖ కార్యాలయానికి అదేరోజు ఉత్తరం ఇవ్వండి, ఎందుకంటే ఆ ఉత్తరం ఆలస్యమైతే మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితాలతోనే బండి వేరొకరి పేరుకు మారిపోయే ప్రమాదం ఉంది.